నలుపు కూడా రంగే

జబ్బుపడిన స్త్రీ నవ్వుతూ కనిపించాలని కోరుకోవడం మన సమాజానికి కొత్తేమీ కాదు. ఆ కోరికకు ఇప్పుడొక శాస్త్రీయమైన పేరు దొరికింది, అంతే. ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల కరపత్రాల్లో, అక్టోబర్ నెల గులాబీరంగు సభల్లో 'ఆర్ట్ థెరపీ' అనే మాట తరచుగా వినబడుతోంది. క్యాన్సర్ వచ్చినవాళ్లు బొమ్మలు వేస్తే, రంగులు అద్దితే, పూసలు గుచ్చితే మనసు తేలికపడుతుందంటున్నారు. నిజమే, తేలికపడుతుంది. నా పేచీ అక్కడ కాదు. తేలికపడుతున్న మనసు ఎవరిది? బొమ్మ వేసిన ఆమెదా, ఆ బొమ్మను చూసి 'హమ్మయ్య, ఈమె బాగానే ఉంది' అనుకునే మనదా? ఈ ప్రశ్న అడగకుండా వార్డులోకి రంగుల పెట్టెలు పంపడాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను.

'ఆర్ట్ థెరపీ' అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ స్వయంగా క్షయరోగి. శానిటోరియంలో మంచం పట్టి, తన కోసం తాను బొమ్మలు వేసుకుని, ఆ తర్వాత తోటి రోగుల చేత వేయించాడు. అంటే ఈ ఆలోచన పుట్టింది రోగి మంచం మీదే. దాని ప్రయోజనానికి రుజువులూ ఉన్నాయి. 2013లో ఒక అమెరికన్ వైద్య పత్రిక 27 అధ్యయనాలను, 1,576 మంది క్యాన్సర్ రోగుల వివరాలను కలిపి పరిశీలించిన విశ్లేషణను ప్రచురించింది. సంగీతం, చిత్రలేఖనం, నృత్యం వంటివి ఆందోళనను, దిగులును, నొప్పిని కొంతమేరకు తగ్గిస్తున్నాయని అది తేల్చింది. ఆ తర్వాతి కాలంలో చూస్తే ఆ మేలు చాలావరకు తరిగిపోతోందని కూడా అదే విశ్లేషణ చెప్పింది. మొదటి వాక్యం కరపత్రాలకెక్కుతుంది. రెండోది ఎక్కదు.

ఇంకో మెట్టు పైకి వెళ్లి 'మనోధైర్యం ఉంటే క్యాన్సర్‌ను జయించవచ్చు' అనే వాళ్లూ ఉన్నారు. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1989లో అమెరికా వైద్యుడు డేవిడ్ స్పీగెల్, రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 86 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, వారం వారం కలిసి కూర్చుని మాట్లాడుకున్న వాళ్లు మిగతావాళ్లకన్నా దాదాపు రెట్టింపు కాలం బతికారని రాశాడు. ప్రపంచమంతా ఆశపడింది. 2001లో కెనడాలో 235 మంది స్త్రీలతో పామెలా గుడ్‌విన్ బృందం అదే పద్ధతిని మళ్లీ పరీక్షించింది. ఆయుష్షు పెరగలేదు. కానీ మాట్లాడుకున్న స్త్రీలకు నొప్పి బాధ తగ్గింది, దిగులు తగ్గింది. 2007లో తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మందిని పరిశీలించిన మరో అధ్యయనం, మానసికంగా బాగున్నంత మాత్రాన ఎక్కువకాలం బతకడం లేదని చెప్పింది.

స్త్రీలుగా మనం ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గుడ్‌విన్ అధ్యయనంలో ఆ స్త్రీలను ఎవరూ సంతోషంగా ఉండమని అడగలేదు. భయాన్ని, కోపాన్ని, చావు గురించిన ఆలోచనల్ని పైకి చెప్పుకోమన్నారు. నొప్పి తగ్గించింది ఆ చెప్పుకోవడమే. 'ధైర్యంగా ఉంటే తగ్గుతుంది' అన్న మాటలో దాగిన రెండో మాట వినండి: తగ్గకపోతే నీకు ధైర్యం చాలలేదన్నమాట. పిల్లలు పుట్టకపోయినా, మొగుడు తాగినా, అత్త తిట్టినా తప్పంతా ఆడదానిదే అయిన చోట, చివరికి కణితి పెరగడం కూడా ఆమె తప్పే అవుతుంది.

ఈ మాటలు నేను పుస్తకాలు చదివి మాత్రమే రాయడం లేదు. మా చిన్నమ్మ కోరుట్ల దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు బీడీలు చేసింది. రొమ్ము క్యాన్సర్ అని తేలాక, కోడలిని తోడు పెట్టుకుని రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తిరిగింది. ఆ ఆసుపత్రి పేరుతో పనిలేదు, ఎక్కడైనా జరిగేదే. ఒక మధ్యాహ్నం కొందరు యువతులు వచ్చి గుండ్రటి డిజైన్లు అచ్చేసిన కాగితాలు, రంగుపెన్సిళ్లు పంచి, మీ ఆశలకు రంగు వేయమన్నారు. చిన్నమ్మ డిజైనంతా నల్లరంగుతో నింపి ఒక పక్కన మాత్రం చిన్న ఖాళీ వదిలింది. ఆ అమ్మాయి పాపం మంచి మనసుతోనే, 'కొంచెం పాజిటివ్‌గా వేయండమ్మా, పసుపో గులాబీయో' అంది.

'నల్లది రంగు గాదా బిడ్డా? మరి పెట్టెల ఎందుకు వెట్టిన్రు?' అంది చిన్నమ్మ.

సాయంత్రానికి పూలూ సీతాకోకచిలుకలూ గోడకెక్కాయి. చిన్నమ్మ కాగితం ఎక్కలేదు. బీడీ కార్ఖానాలో ఇరవై అయిదు బీడీల కట్టను విప్పి చూసి, నచ్చనివి తీసి పక్కన పారేస్తారు. ఆ ఆకూ, ఆ శ్రమా, ఆ పూట కూలీ అన్నీ ఆమె నష్టమే. వార్డులోనూ అదే జరిగింది. ఆమె చేతిపనిని వేరెవరో చూసి, పనికిరాదని తేల్చారు. తన బాధ గురించి తాను గీసిన గీతకు కూడా నాణ్యత పరీక్ష ఉంటే, దాన్ని ఓదార్పు అని ఎలా అనగలం?

కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల స్త్రీల చేతుల గురించి తెలియని వాళ్లే 'కాసేపు చేతులతో ఏదైనా చేయండి, హాయిగా ఉంటుంది' అనగలరు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, రోజుకు ఇన్ని వందలని లెక్కపెట్టిన చేతులవి. నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మలకు రంగులద్దే ఇళ్లలోనూ కళ అంటే పూట గడవడమే. ఈ స్త్రీలకు చేతిపని కొత్త కాదు. వాళ్లకు లేనిది తీరిక. లేనిది, తాము చేసినదాని మీద తమ హక్కు. కాబట్టి జబ్బులో ఉన్న బీడీ కార్మికురాలికి కళ అంటే ఏదైనా అర్థం ఉందంటే అది ఒక్కటే: ఎవరూ లెక్కపెట్టని, ఎవరూ తీసిపారేయని ఒక వస్తువును తన కోసం తాను చేసుకోవడం. అప్పుడైనా ఆమె ఒంటి సంగతి తెలిసి ఉండాలి. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు తీసేస్తే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. ఆ వాపుకు ఏ వ్యాయామం చేయాలో చెప్పకుండా సూదీదారం చేతికివ్వడం ఆమె ఒంటిని పట్టించుకోకపోవడమే.

ఇక తోడుగా వచ్చిన ఆమె సంగతి. ఆ మధ్యాహ్నం మా మరదలికి కాగితం ఇవ్వలేదు. అవి పేషెంట్లకు మాత్రమేనట. నేను అడగబోతే ఆపి, 'గంటసేపు పండుకునే జాగ ఇస్తే చాలు వదినా, బొమ్మలెవరికి గావాలె' అంది. రాత్రుళ్లు వరండాలో చాప, పగలు క్యూ. బీడీల మీద వచ్చే కూలీ నెలల తరబడి లేదు. కానీ తర్వాతెప్పుడో రిపోర్టుల ఫైలు వెనుక అట్ట మీద చూశాను. మందుల పేర్లు, ఫోన్ నంబర్ల మధ్య బాల్‌పెన్నుతో వేసిన చుక్కల ముగ్గులు. ఒకదాని పక్కన ఒకటి, పదో పన్నెండో. ఏ గది ముందు కూర్చుని వేసిందో! ఎవరూ వేయమనలేదు, ఎవరూ సరిచేయలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. క్యాన్సర్ వార్డులో నేను చూసిన కళ ఏదన్నా ఉందంటే అది ఆ అట్ట మీదే ఉంది.

ఆసుపత్రి భాషలో ఆమె 'అటెండెంట్'. పాస్ మీద ఆ మాటే ఉంటుంది, జీతం మాత్రం ఉండదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా కింద, 15 నుంచి 59 ఏళ్ల మధ్య స్త్రీలకు 137 నిమిషాలు, పురుషులకు 75. భర్తకు జబ్బు చేస్తే భార్య చేస్తుంది. భార్యకు జబ్బు చేస్తే కూతురో కోడలో చెల్లెలో చేస్తుంది. ఈ పని ప్రేమ పేరుతో జరుగుతుంది కాబట్టి పనిగా లెక్కకు రాదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఛార్జీల భారమైతే తగ్గింది. పోయిన కూలీకి, లేని నిద్రకు ఎవరు బాధ్యత వహిస్తారు? రోగికి రంగులు, తోడు వచ్చిన ఆమెకు వరండా అన్న ఈ ఏర్పాటు, ఇంట్లో ఉన్న శ్రమ విభజననే ఆసుపత్రిలోకి మోసుకొచ్చింది.

'మన జానపద సంప్రదాయంలోనే ఓదార్పు ఉంది, బయటి పద్ధతులెందుకు' అనే వాదన కూడా వింటున్నాను. సగం ఒప్పుకుంటాను. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చావు దగ్గర స్త్రీలు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం తిన్నదీ, ఏం పడ్డదీ, ఎవరు చూడవచ్చారో, ఎవరు రాలేదో, అన్నీ రాగంలో కట్టి చెబుతారు. అది దుఃఖమే, సాక్ష్యం కూడా. చదువుకున్నవాళ్లు దాన్ని మొరటుతనమన్నారు. ఆసుపత్రిలో గొంతెత్తితే 'గొడవ చేయకండి' అని బయటికి పంపుతారు. గునుగుపూలకు రంగులద్ది, తంగేడుపూలతో వరుసలు పేర్చి ఆడే బతుకమ్మ పాటల్లో అత్తింటి ఆరళ్లు, ఆడబిడ్డల చావులు ఎన్ని లేవు! ఆదిలాబాద్ లంబాడీ స్త్రీల అద్దాల కుట్టు ఉంది. పాత చీరలతో కుట్టుకునే బొంత ఉంది. ఇన్ని ఉండగా అచ్చేసిన డిజైన్లకు రంగులు నింపమనడం విచిత్రమే. ఇంట్లో గోండీయో లంబాడీయో మాట్లాడే స్త్రీకి, ఆమెకు రాని భాషలో 'మీ భావాలు చెప్పండి' అనే ఫారం ఇవ్వడం మరీ విచిత్రం.

ఒప్పుకోని సగం ఇది. ఆ సంప్రదాయమే జబ్బుపడ్డ స్త్రీని పేరంటానికి పిలవదు. అంటురోగం కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె కంచం, గ్లాసు వేరుపెట్టే ఇళ్లున్నాయి. కీమో మందులతో జుట్టు రాలిపోతే, 'వేములవాడ రాజన్నకు మొక్కు తీర్చుకున్న' అని చెప్పుకునే స్త్రీలు మా వైపు ఉన్నారు. తలనీలాలు ఇచ్చిన బోడితలకు గౌరవం ఉంది, జబ్బుతో వచ్చిన బోడితలకు లేదు. ఆ అబద్ధం ఆమె తనను తాను కాపాడుకునే ఉపాయం. కాబట్టి సంప్రదాయాన్ని యథాతథంగా వార్డులోకి తేవడం వల్ల ఒరిగేదేమీ లేదు. శోకంలో ఉన్న నిర్భీతిని తెచ్చుకోవాలి, పేరంటంలో ఉన్న వెలిని బయటే వదలాలి.

కళ జబ్బుపడ్డ స్త్రీ నోరు నొక్కగలదు, నోరు తెరిపించగలదు. రెండూ జరిగిన చరిత్ర మన ముందు ఉంది. 1982లో బ్రిటన్‌లో ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్ ఆపరేషన్‌కు ముందు తన రొమ్ము మీద 'ఇది జో స్పెన్స్ సొత్తేనా?' అన్న అర్థం వచ్చే మాటలు రాసుకుని ఫొటో తీసుకుంది. తన శరీరం ఎవరి అధీనంలోకి వెళుతోందో ఆ ఒక్క ప్రశ్నతో బయటపెట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 1980లో, నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డ్ 'ద క్యాన్సర్ జర్నల్స్' ప్రచురించింది. రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళితే, అలా వస్తే ఇక్కడి వాళ్ల మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు అన్న సంగతి ఆమె అందులో రాసింది. ఎవరి మనసు తేలికపడాలి అని మొదట్లో నేనడిగిన ప్రశ్నకు ఇంతకన్నా నిలువెత్తు జవాబు లేదు.

ఇక గులాబీ రిబ్బన్. దాని మూలం ఒక స్త్రీ చేతిపని. 1991 ప్రాంతంలో అమెరికాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ తన భోజనాల బల్ల మీద నారింజ, గులాబీ కలిసిన లేత రంగు రిబ్బన్లు చేసి, ఒక్కో కార్డుకు తగిలించి పంచింది. క్యాన్సర్ పరిశోధన బడ్జెట్‌లో నివారణకు కేటాయించేది అయిదు శాతమేనని, అది మారేలా చూడమని ఆ కార్డు మీద ఉంది. 1992లో ఒక స్త్రీల పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ కలిసి ఆ రిబ్బన్ అడిగాయి. ఇది వ్యాపారమవుతుందని ఆమె ఒప్పుకోలేదు. రంగు మారిస్తే చిక్కు లేదని లాయర్లు చెప్పారు. గులాబీరంగు అలా వచ్చింది. కార్డు మీది డిమాండ్ మాయమై అలంకారం మిగిలింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. భవనాల మీద పడే గులాబీ వెలుతురుకూ ఈ అంకెలకూ మధ్య ఉన్న దూరం గురించి ఆ సభల్లో ఎవరు మాట్లాడుతున్నారు?

ఈ పత్రిక పాఠకులం కాబట్టి మన సాహిత్యం గురించి కూడా మాట్లాడుకోవాలి. స్త్రీవాద కవిత్వం శరీరాన్ని సిగ్గుపడకుండా రాసింది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' మన దారిని మార్చిన కవితలు. స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' ద్వారా మన ఒంటి గురించి మనకు తెలుగులో చెప్పింది. ఆ వారసత్వం ఉన్న మనం పైట గురించి అంత పోరాడాక, ఆ పైట కింద ఒక పక్క ఖాళీ అయిన స్త్రీ ఉదయం చీర కట్టుకుంటూ ఏమనుకుంటుందో ఎంత రాశాం? వరండాలో నిద్రపోయే కోడలు మన కథల్లో ఎన్నిసార్లు కథానాయిక అయింది? అనుభవం ఉన్నవాళ్లకు రాసే తీరిక లేదు. తీరిక ఉన్న మనం వాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల మాటను వాళ్ల యాసలోనే అక్షరంలో పెట్టలేమా? వాళ్లు అనుమతిస్తేనే, వాళ్లు కోరితే పేరుతో, వద్దంటే పేరు లేకుండా.

'కాసేపు ఊరటనిస్తే పోయేదేముంది, ఎందుకింత గొడవ' అంటారు. ఊరట వద్దని ఎవరంటారు! కానీ నొప్పితో మెలికలు తిరిగే మనిషికి పెన్సిల్ ఇవ్వడం క్రూరత్వం. క్యాన్సర్ తీవ్రమైన నొప్పికి నోటితో మింగే మార్ఫిన్ దశాబ్దాలుగా తెలిసిన, చవకైన మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టి దాన్ని రోగులకు దూరం చేసింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి సులభతరం చేశారు. చట్టం మారితే సరిపోదు. మాత్ర హైదరాబాద్‌లో దొరికి, ఆదిలాబాద్ అడవి పల్లెలోని మనిషికి అందకపోతే ఆ సవరణ ఆమెకు లేనట్టే. నొప్పి నివారణ ముందు, రంగులు తర్వాత. ఈ వరుస తారుమారైన చోట కళ, జరగని వైద్యానికి ముసుగవుతుంది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. జిల్లా ఆసుపత్రిలో ఎప్పుడడిగినా నొప్పి మందు దొరకాలి. తోడు వచ్చిన స్త్రీకి పడుకునే చోటు, స్నానానికి గది, పోయిన రోజుకు కూలీ ఉండాలి. ఆ తర్వాత కళ. అది రోగికీ, తోడు ఉన్న ఆమెకూ ఇద్దరికీ. ఏం వేయాలో, ఏం కుట్టాలో, ఏం పాడాలో ముందే నిర్ణయించకూడదు. ఏమీ చేయకుండా కూర్చునే హక్కు కూడా ఉండాలి. నేర్పడానికి బతుకమ్మ పాట కట్టగల, బొంత కుట్టగల, గోండీ మాట్లాడగల స్థానిక స్త్రీలను జీతమిచ్చి పెట్టాలి. వేసిన బొమ్మ వేసిన ఆమెది. అడగకుండా దాన్ని గోడకు తగిలించడం, క్యాలెండర్‌కెక్కించడం, విరాళాల కరపత్రం మీద అచ్చేయడం దొంగతనమే.

వచ్చే అక్టోబర్‌లో మనలో చాలామందిని గులాబీ సభలకు అతిథులుగా పిలుస్తారు. రచయిత్రులం, అధ్యాపకులం కదా, నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. వెళ్లే ముందు నిర్వాహకులను మూడు విషయాలు అడుగుదాం. మీ రోగులకు మార్ఫిన్ అందుతోందా? తోడు వచ్చినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? గోడ మీద లేని బొమ్మలు ఏమయ్యాయి? జవాబులు దొరికితే వెళ్లి మాట్లాడదాం. దొరకకపోతే వేదిక మీద మాట్లాడాల్సింది ఆ మూడు ప్రశ్నల గురించే.